కార్తీకపు నీటి దీపాలు

తెనాలి పట్టణంలో సంవత్సరానికి ఒక్క వేకువ కాలువగట్లు పూర్తిగా ఆడవారి సొత్తు అవుతవి. కార్తీక బహుళ అమావాస్య గడచిన మరునాడు, మార్గశిర శుద్ధ పాడ్యమినాడు, వేగుచుక్క ఇంకా ఉండగానే వారు తలంట్లు పోసుకొని, చేత పళ్లెరాలతో రేవులకు చేరుకుంటారు. అరటిబోదెనుంచి ఒలిచిన దొప్పే పడవ. ఆ దొప్పలో నేతితో తడిపిన వత్తులు, పసుపు, కుంకుమ, నాలుగు బంతిపూలు. నెలనాళ్లలో ఏ ఒక్కనాడు దీపం తప్పిపోయినా ఆ లోపం తీరాలని ముప్పది వత్తులు ఒక్కచోటనే వెలిగిస్తారు. దొప్పను నీటిపై వదలి, అరచేత్తో మూడుమార్లు నీటిని ముందుకు తోస్తారు. ఆ తరువాత ఎవరూ మాట్లాడరు. దీపం వంతెన దాటి కనుమరుగయ్యేదాకా నిలబడి చూచి, తడికొంగు పిండుకొని ఇళ్లకు మరలుతారు.

దీనిని మనవారు పోలి పాడ్యమి అంటారు. పోలి స్వర్గమనీ అంటారు. రేపల్లె పల్లెలలోను, బాపట్ల చుట్టుపట్లను ఇదే తీరు. కాలువ దూరమైనవారు చెరువులో, చెరువూ లేనివారు ఇంటి పెరట్లో వెడల్పాటి పళ్లెంలో నీరు పోసి అందులో దొప్పను తేల్చి సరిపుచ్చుకుంటారు. ఈ పండుగకు పురాణం చెప్పేవారు ఊరూరా ఉన్నారు. చరిత్ర చెప్పేవారు అరుదు. చరిత్ర లేక కాదు. అది శాసనాలలో కొంత, కాలువల త్రవ్వకంలో కొంత, తుఫానుల లెక్కలలో కొంత చెదిరి ఉన్నది.

ముందుగా కార్తీకంలో మనం పెట్టే దీపాలు ఎన్ని విధాలో చూడవలసి ఉన్నది. నెల పుట్టకముందే, దీపావళి అమావాస్య సాయంకాలం, పిల్లలు గోగుకాడలకు గుడ్డవత్తులు చుట్టి, నూనెలో ముంచి వెలిగించి వాకిట్లో త్రిప్పుతారు. దివిటీలు కొట్టడమని దాని పేరు. పిల్లలకు అది ఆట. కొట్టిన తరువాత కాళ్లు కడుగుకొని తీపి తినడం వారికి అందులో ముఖ్యభాగం. ధర్మశాస్త్ర నిబంధకారులకు మాత్రం అది ఆట కాదు. భాద్రపదంలో మహాలయ పక్షానికి భూమికి వచ్చిన పితరులు అమావాస్య చీకటిలో తిరుగుప్రయాణం కట్టగా, వారికి దారి చూపవలసిన కాగడాలు అవి. మరునాటినుంచి శివాలయాలలో ఆకాశదీపం మొదలవుతుంది. చిల్లులుగల ఇత్తడిపాత్రలో ప్రమిద నుంచి, త్రాటితో ధ్వజస్తంభం కొసకు లాగి, రాత్రివేళ వెలుగనిస్తారు. అదీ పితృదేవతలకే అని పెద్దల మాట. నెల చివర వచ్చేది నీటి దీపం. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒక్క వరుస కనబడుతుంది: నేలమీద కాగడా, మింటిపై పాత్ర, నీటిపై దొప్ప. మొదటి రెండూ పోయినవారికని శాస్త్రమే ఒప్పుకొన్నది. మూడవదానికి వేరే కథ ఉన్నది.

ఆ కథలోకి పోయేముందు, రాజులు పెట్టిన దీపాలను ఒక్కమారు తలచుకోవాలి. బాపట్లకు ఆ పేరు తెచ్చిన భావనారాయణస్వామి ఆలయంలో క్రీస్తుశకం 12వ శతాబ్దినాటి శాసనాలు పెక్కు ఉన్నవి. అది వెలనాటి చోడుల కాలం. వారి రాజధాని చందవోలు బాపట్ల, రేపల్లెల నడుమనే ఉన్నది. ఈ నేలమీది ఆనాటి దానశాసనాలు తిరుగవేసినవారికి ముందుగా తగిలేది అఖండదీపం. దాత గొఱ్ఱెలను ఇస్తాడు. వాటిని ఒక కాపరి స్వీకరించి, తానూ తన సంతతివారూ ఆచంద్రార్కం దినానికి ఇంత నెయ్యి అని కొలిచి ఆలయానికి చెల్లించాలి. యాభై, యాభైయైదు గొఱ్ఱెలు ఒక దీపానికి సాధారణమైన లెక్క. దీపం వెలిగినది రాజు పేరనో, అతని తల్లి పేరనో, సేనాని పేరనో; దానికి నెయ్యి పోసినది మాత్రం తరతరాల కాపరి మంద. ఆ శాసనాలు నేటికీ రాతిమీద ఉన్నవి. ఆ అఖండదీపాలు ఎన్నడో కొండెక్కినవి. గడియసేపు వెలిగి ఆరిపోయే అరటిదొప్ప దీపానికి ఏ శాసనమూ లేదు, అయినా అది ఏటేటా వెలుగుతూనే ఉన్నది. చరిత్రకారుడు రాతినే నమ్ముకొని కూర్చుంటే ఎంత వింత లెక్క తేలుతుందో దీనివల్ల తెలుస్తుంది.

ఇక పోలి కథ. ఒక ఇంట పలువురు కోడళ్లు. కడగొట్టు కోడలు పోలి. ఆమె భక్తి అత్తగారికి కంటగింపు. కార్తీకం పొడుగునా అత్త పెద్దకోడళ్లను వెంటబెట్టుకొని నదీస్నానానికి పోతూ, పోలికి ఇంటి చాకిరి అప్పగించి, దీపం పెట్టడానికి చుక్క నూనె, పోగు వత్తి ఆమె చేతికి చిక్కకుండా అన్నీ దాచిపోయేది. పోలి పెరటిలోని ప్రత్తిచెట్టు క్రింద రాలిన దూది ఏరి వత్తి చేసుకొన్నది. చల్ల చిలికిన కవ్వానికి అంటిన వెన్న గీకి వత్తికి పూసింది. వెలిగించి, అత్త కంటబడకుండా బాన బోర్లించింది. నెల ముగిసిన నాడు విమానం వచ్చి ఆమెను బొందితో ఎక్కించుకొన్నది. అది తమకోసమే వచ్చిందనుకొని ఎదురేగిన అత్త, తోడికోడళ్లు, పోలి పైకి పోతూంటే ఆమె కాళ్లు పట్టుకొని వ్రేలాడి, నడిమధ్యలో జారి క్రిందపడినారు.

ఈ కథలో పురోహితుడు లేడు, రాజు లేడు, మంత్రం లేదు. రాలిన దూది, కవ్వానికి అంటిన వెన్న: ఇంటి సొత్తులో ఎవరూ లెక్కపెట్టని రెండు వస్తువులే ఉన్నవి. పాలేళ్ల ఇళ్లలోనూ, మోతుబరుల ఇళ్లలోనూ కోడళ్లు దీనిని తమ కథగానే చెప్పుకోవడానికి ఇదే కారణమని మా అభిప్రాయం. వ్రతకథలన్నీ అత్తలను మెప్పించడానికి పుట్టినవి కావు.

ఒక్క చిక్కు ఉన్నది. కథలో పోలి దీపం బాన క్రింద వెలిగింది, నీటిమీద కాదు. నీటికి తీసుకొనిపోయినది ఆమెను తలచుకొనే స్త్రీలు. పారే నీరు లేనిదే ఈ పండుగకు పూర్ణరూపం రాదు. ఇక్కడనే మన ప్రాంతపు చరిత్ర ఈ కథలోకి ప్రవేశిస్తుంది.

ఈనాడు తెనాలిని చూచినవారికి నీరు లేని తెనాలి ఊహకు అందదు. పట్టణం మధ్యగా మూడు కాలువలు పోతవి: తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నం కాలువ. ఆ సొగసుకే దీనిని ఆంధ్రా పారిస్ అని ముద్దుపేరుతో పిలిచినారు. సీన్ నదిని చూచినవారు ఏమంటారో గాని, తెనాలివారు ఆ పేరు వదులుకోరు. అయితే రెండు వందల ఏండ్ల క్రిందట ఇక్కడ ఈ కాలువలు లేవు. 1832-33లో గుంటూరు మండలాన్ని నందన కరువు పట్టుకొన్నది. జనంలో ఎండి డొక్కలు తప్ప మిగలలేదని దానినే డొక్కల కరువన్నారు. ఆనాటి గుంటూరు మండల జనాభాలో దాదాపు మూడవవంతు నశించినట్లు లెక్కలు చెబుతున్నవి. కృష్ణ ఏడాదికేడాది నీరంతా సముద్రంలో కుమ్మరిస్తూంటే, ఆ నదికి కూతవేటు దూరంలో మనుషులు దప్పికకు, ఆకలికి చచ్చిపోయినారు. ఆ కరువు మిగిల్చిన భయమే తరువాత ఆనకట్టకు పునాదిరాయి అయింది. సర్ ఆర్థరు కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో బెజవాడ వద్ద 1852లో పని మొదలై 1855లో ముగిసింది. సీతానగరం వైపునుంచి బయలుదేరిన పడమటి డెల్టా ప్రధాన కాలువ దుగ్గిరాల దగ్గర పాయలై, తెనాలి, రేపల్లె, బాపట్ల పొలాలకు చేరింది. అక్కడ చీలిన కొమ్మమూరు కాలువ పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువతో కలిసి, పడవదారిని మద్రాసుదాకా పొడిగించింది. 1952లో పాత ఆనకట్టకు గండిపడగా, దానికి బదులు 1957లో ప్రకాశం బారేజి వెలసింది.

ఆనకట్టకు ముందు ఈ ఊళ్లలోని స్త్రీలకు దగ్గరగా ఉన్నది చెరువునీరు. చెరువులో దీపం పోదు, నిలిచిన చోటనే నిలుస్తుంది. పారే నీటికి కృష్ణ ఒడ్డుకో, సముద్రం ఒడ్డుకో పోవాలి. కాలువలు వచ్చిన తరువాత ప్రతి ఊరికీ గుమ్మం ముందుకు నది వచ్చినట్లయింది. కనుక పోలి పాడ్యమి ఎంత పాతదైనా, ఈ మూడు తాలూకాలలో ఊరూరా కాలువరేవున జరిగే పండుగగా దానికి వచ్చిన ఈ రూపం ఆనకట్ట తరువాతిదేనని మేము తలుస్తున్నాము. కాలం కూడా కలిసివచ్చింది. వేసవిలో కాలువలు కట్టివేస్తారు. రేవులో బురద, నాచు తప్ప ఉండవు. కార్తీకం ముగిసేవేళకు కాలువలో ఇంకా నీరుంటుంది, చేలో వరి పండి వంగి ఉంటుంది. గోదావరివారు కాటన్‌ను స్నానసంకల్పంలో తలచుకొనేవారట. కృష్ణ కాలువలలో దీపాలు వదిలేవారికి ఆర్ పేరైనా తెలియదు. పోలికి తోడుగా ఆయనకూ ఒక దొప్ప వదిలినా తప్పులేదు.

నీటిమీద దీపం వదలడం మన ఒక్కరి సొత్తు కాదు. జపానులో వేసవి నడుమ బోన్ అనే పండుగ వస్తుంది. పోయినవారి ఆత్మలు ఇండ్లకు వచ్చి మూడునాళ్లు ఉండి మరలిపోతవని వారి నమ్మకం. వచ్చేనాడు వాకిట నిప్పు రాజేసి పిలుస్తారు. పోయేనాడు కాగితపు లాంతర్లలో దీపాలుంచి నదిపైనో సముద్రంపైనో వదలుతారు. దానిని తోరో నగషి అంటారు. క్యోటో ప్రాంతంలోని మియజు అనే సముద్రతీరపు పట్టణంలో ఆగస్టు 16వ తేదీ రాత్రి అఖాతంపై వేలకొలది లాంతర్లు తేలుతవి. నాగసాకిలో అంతకు ముందటి రాత్రి, ఆ యేడు పోయినవారి పేర పడవలు కట్టి వీధులవెంట ఊరేగిస్తారు. అక్కడ దుఃఖానికి చప్పుడు ఎక్కువ, బాణసంచా మోత చెవులు పగలగొడుతుంది. పూర్వం ఈ పండుగ చాంద్రమానపు ఏడవనెల పున్నమినాడు జరిగేది. 1873లో జపాను పాశ్చాత్య పంచాంగం స్వీకరించిన తరువాత చాలాచోట్ల ఆగస్టు నడిమికి మారింది.

ఆ పండుగకు మూలకథ మన దేశపుదే. బుద్ధుని అగ్రశిష్యులలో ఒకడైన మౌద్గల్యాయనుడు తన తల్లి ప్రేతలోకంలో ఆకలితో అలమటించడం దివ్యదృష్టితో చూచినాడు. అన్నం పెట్టబోతే ఆమె నోటిదాకా వచ్చి నిప్పుకణికలైనది. వర్షావాసం ముగించుకొన్న భిక్షువులందరికీ భిక్ష పెడితే ఆమెకు విముక్తి కలుగుతుందని బుద్ధుడు చెప్పినాడు. ఈ కథ చైనా సూత్రగ్రంథాలలో ఎక్కి, అక్కడనుంచి జపాను చేరింది. ఏడవనెల పదునైదవనాడు ఆలయాలలో విందు చేయాలని 606లో ఆజ్ఞ అయినట్లు వారి ప్రాచీన చరిత్ర నిహొన్ షొకి చెబుతుంది. బోన్ అనే మాటకు సంస్కృతమూలం ఏదన్నదానిపై పండితులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

ఇందులో మాకు ఆసక్తి కలిగించినది ఆ వర్షావాసం మాట. చైనా, జపానులలో భిక్షువుల వర్షావాసం ఏడవనెలలో ముగుస్తుంది. మన దేశంలో అది ముగిసేది ఆశ్వయుజ పున్నమికి. ఆలస్యంగా మొదలుపెట్టినవారికి కార్తీక పున్నమికి. రేపల్లెకు దగ్గరనే భట్టిప్రోలు ఉన్నది. 1892లో అలెగ్జాండరు రీ అక్కడి స్తూపం త్రవ్వి, బ్రాహ్మీలిపితో చెక్కిన ధాతుకరండాలు వెలికితీసినాడు. అవి క్రీస్తుపూర్వం మూడు, రెండు శతాబ్దులవి. ఆనాడు భట్టిప్రోలు భిక్షువులు వానలు తగ్గి భిక్షాటనకు బయలుదేరినది నేడు మనం ఆకాశదీపం ఎత్తే రోజులలోనే. అంతమాత్రాన జపాను లాంతరు మన దొప్పదీపానికి బిడ్డ అని చాటడం తొందరపాటు. అటువంటి చుట్టరికాలు కలిపి సంతోషించేవారు మనలో కొందరున్నారు. వారి జోలికి మేము పోము. వానలు వెనుకపట్టి నీళ్లు తేటపడేవేళ మనిషికి పోయినవారు జ్ఞాపకం రావడానికి ఒకరు మరొకరికి నేర్పనక్కరలేదు.

చుట్టరికం మాట ఎటున్నా, బేరం మాత్రం నిజంగా జరిగింది. నేటి నిజాంపట్నాన్ని ఐరోపావారు పెటపోలి అనేవారు. డచ్చివారు 1606లో అక్కడ వర్తకస్థానం పెట్టుకొన్నారు. ఇంగ్లీషువారి గ్లోబు ఓడ 1611లో ఆ రేవు తాకింది. చిరివేరు రంగుతో అద్దిన ఈ తీరపు బట్టలకు దూరదేశాలలో గిరాకీ ఉండేది. డచ్చి ఓడలమీద కోరమండల తీరపు అద్దకాలు నాగసాకిదాకా పోయినవి. జపానువారు అటువంటి బట్టను సరసా అన్నారు. ఇంతకంటె ఈ తీరానికీ ఆ తీరానికీ నడుమ ముడి వేయదలచుకోలేదు.

ఇంతవరకు చెప్పినదంతా పండుగ. దానిక్రింద మరొక లెక్క ఉన్నది. కార్తీకం మనకు పుణ్యమాసం. బంగాళాఖాతానికి తుఫానుల మాసం. వర్షాకాలం ముగిసి అక్టోబరు, నవంబరు నెలలలో సముద్రం ఇంకా వేడిగా ఉండగా వాయుగుండాలు పుట్టి తీరంమీదికి వస్తవి. కృష్ణకు ఆవలిగట్టున బందరును ముంచి, ముప్పదివేలమందిని పొట్టనబెట్టుకొన్న ఉప్పెన 1864 నవంబరు 1వ తేదీనాటిది. పంచాంగం వెనుకకు లెక్కించి చూస్తే దీపావళి గడచి అప్పటికి రెండు మూడునాళ్లు. దివిటీలు కొట్టిన గోగుకాడలు ఇంకా వాకిళ్లలో ఉండి ఉంటవి. 1977 నవంబరు 19వ తేదీన చీరాల దగ్గర తీరం దాటిన తుఫానూ అంతే: దీపావళికి ఎనిమిదినాళ్ల తరువాత, కార్తీక పున్నమికి ఆరునాళ్ల ముందు. సముద్రం తాటిచెట్టు నడిమి ఎత్తున లేచి దివిసీమమీద పడింది. దివి తాలూకాతోపాటు రేపల్లె, బాపట్ల తీరపుపల్లెలూ దెబ్బతిన్నవి. సర్కారు లెక్కకు చచ్చినవారు పదివేలు. అంతకు మించి ఉంటారని అనేవారు చాలామంది. ఏ ఊరివారో, ఏ ఇంటివారో తెలియని శవాలను కుప్పలుగా పేర్చి దహనం చేయవలసివచ్చింది. కొన్ని ఇళ్లలో కర్మచేయడానికి కొడుకు మిగలలేదు. కొన్నిచోట్ల ఇల్లే మిగలలేదు.

ఆ యేడు కూడా మూడు వారాలకు పోలి పాడ్యమి వచ్చింది.

శాస్త్రం ప్రకారం పితరులకు తిలోదకం ఇవ్వవలసినవాడు కొడుకు. ఆడదానికి అందులో పాలు లేదు. గంగలో కలిసిన భర్తకో, బిడ్డకో ఆమె తన చేతితో చేయగలిగినది ఏమున్నది? ఈ దీపం పోలికి అని పైకి అంటారు. ఎవరిని తలచుకొని వదలుతున్నావని రేవులో ఎవరూ ఎవరినీ అడగరు. దొప్ప కదలిపోయిన తరువాత కొంగు కళ్లకు అద్దుకొనేవారు ప్రతి రేవులోనూ ఉంటారు. వారు ఏడ్చేది పురాణంలోని పోలికోసం కాదని గట్టుమీద నిలబడిన పిల్లవానికి కూడా తెలుసు.

జపాను ఈశాన్యతీరాన ఇషినొమాకి అనే రేవుపట్టణం ఉన్నది. అక్కడి వేసవి పండుగలో, పదిహేడవ శతాబ్దిలో కితాకామి నదిని మళ్లించి ఆ ఊరికి బ్రతుకునిచ్చిన కవామురా మగొబెయ్ అనే నీటిపనుల నిపుణుని స్మరిస్తారు; నీట మునిగి పోయినవారి పేర దీపాలు వదలుతారు. 2011 మార్చి 11న వచ్చిన సునామీలో ఆ ఒక్క పట్టణంలోనే మూడువేలకు పైగా పోయినారు. అయినా ఆ యేటి వేసవిలో లాంతర్లు నదిపై తేలినవి. కాలువ ఇచ్చినవానికి, నీరు తీసుకొన్నవారికి ఒకే రేవున దీపం పెట్టే ఊరు అది. వారు ఒక్కొక్క లాంతరుపై పోయినవారి పేర్లు వ్రాస్తారు. మన దొప్పమీద పేరు వ్రాయడానికి చోటు లేదు.

ఇటీవలి సంగతి ఒకటి. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుఫాను సరిగా బాపట్ల దగ్గరనే తీరం దాటింది. అదీ కార్తీకమే, బహుళపక్షం. ఇప్పుడు ఉపగ్రహాలున్నవి, ముందుగా హెచ్చరిక వచ్చింది, తీరపుపల్లెల జనాన్ని తరలించినారు. 1977తో పోల్చితే ప్రాణనష్టం చాలా స్వల్పం. చేలు మాత్రం మునిగినవి. కోతకు వచ్చిన వరి, కోసి పరచిన పనలు నీళ్లలో నానినవి. ఆ తరువాత వారంపదినాళ్లకే పోలి పాడ్యమి. ఆ వేకువ కాలువరేవులకు వచ్చినవారిలో మునిగిన చేల ఇల్లాళ్లూ ఉండి ఉంటారు.

దొప్పల సంగతీ చెప్పాలి. తెల్లని తేలికపాటి కృత్రిమపు పళ్లేలలో దీపాలు పెట్టి అమ్మడం ఈ మధ్య వచ్చింది. అరటిదొప్ప నాలుగునాళ్లలో కుళ్లి నీటిలో కలుస్తుంది. ఆ పళ్లెం కలవదు. లాకుల తలుపుల దగ్గర గుఱ్ఱపుడెక్కతో కలిసి మేటవేస్తుంది. పెరట్లో అరటిచెట్టు లేని పట్నవాసికి పళ్లెం సులువే, కాదనము. కాని పోలి రాలిన దూదితో సరిపెట్టుకొన్నది గదా!

సూర్యలంకలో ఈ పళ్లేల బాధ తక్కువ. బాపట్లకు సుమారు తొమ్మిది కిలోమీటర్లలో ఉన్న ఆ తీరానికి కార్తీక పున్నమినాడు చీకటితోనే వేలజనం సముద్రస్నానానికి వస్తారు. నీటిలో దీపం వదలబోతే మొదటి అలే తిప్పి ఒడ్డుకు కొడుతుంది. అందుచేత అక్కడి స్త్రీలు తడి ఇసుకలో చేతితో చిన్నగూడు త్రవ్వి, గాలికి అడ్డంగా ఇసుక కట్టకట్టి, అందులో ప్రమిద పెడతారు. ఆటు తగ్గి నీరు వెనుకకు పోయినవేళ తీరం పొడుగునా అటువంటి గూళ్లు వరుసతీరి వెలుగుతూంటవి. పోటు మళ్లీ వచ్చి ఒక్కొక్కదానినే తీసుకొనిపోతుంది.